లెవోడోపా-కార్బిడోపా గోలీ: నడకకు బాగా పనిచేస్తుంది, గొంతుకు అంతంతమాత్రమే

చేతులు వణికి, ఒళ్లు బిగుసుకుపోయి, కదలికలు మందగించే పార్కిన్సన్స్ జబ్బుకు ఇప్పటికీ దీన్ని మించిన గోలీ లేదు. బిగుసుకున్న చెయ్యి వదులవుతుంది, కుర్చీలోంచి లేవడం తేలికవుతుంది. కానీ వరంగల్ వైపు ఇంటోళ్లు ఎక్కువగా అడిగేది మాట గురించే: "గోలీ ఏసుకున్నా బాపు మాట ఇనవడ్తలేదు, డోసు పెంచాల్నా?"

దానికోసమైతే వద్దు. నడకలో వచ్చినంత మార్పు చాలామందికి గొంతులో రాదు. తన గొంతు తగ్గిన సంగతి మనిషికి తెలియదు, మామూలుగానే మాట్లాడుతున్నాననుకుంటాడు. ఆ లోపాన్ని గోలీ సరిచేయలేదు. డోసు మితిమీరితే ఒళ్లు మెలికలు తిరిగే డిస్కినీషియా వచ్చి, ఊపిరి మీద పట్టు తప్పి మాట ఇంకా తునకలవుతుంది.

ముందు తేడా పట్టుకోవాలి. ఫోన్ మూతికి మూరెడు దూరంలో పెట్టి, గోలీకి కాస్త ముందు ఒకసారి, వేసుకున్న గంటకు ఒకసారి రికార్డు చేయండి. దమ్ము ఉన్నంతసేపు "ఆ..." అనిపించి, తర్వాత ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కబెట్టించండి. గంట తర్వాత గొంతు పెరిగితే గోలీ వేళలు సర్దమని న్యూరాలజిస్టును అడగాలి. తేడా లేకపోతే స్పీచ్ థెరపీయే దారి. ఎల్‌ఎస్‌వీటీ లౌడ్ పద్ధతిలో వారానికి 4 రోజులు, గంట చొప్పున, 4 వారాలు గట్టిగా మాట్లాడటమే సాధన చేయిస్తారు. ఇంటి దగ్గర సాధన మానితే లాభం నిలవదు.

తిండికి అరగంట ముందు గానీ గంట తర్వాత గానీ వేసుకోవాలి. పప్పు, గుడ్డు, మటన్‌లోని ప్రొటీన్ లెవోడోపా ఒంటికి పట్టకుండా పోటీ పడుతుంది. సీఆర్ గోలీని (మందును మెల్లమెల్లగా వదిలే రకం) నలగ్గొట్టొద్దు. గోలీ పేరు పక్కన 110 అని ఉంటే లెవోడోపా 100, కార్బిడోపా 10 మిల్లీగ్రాములు. 275 అంటే 250, 25. ఒకటి లేదని రెండోది సగం విరిచి ఇస్తే అది వేరే డోసే.

వాంతులకు మెటోక్లోప్రమైడ్ రాస్తే పార్కిన్సన్స్ ఉందని చెప్పి తీరాలి. కదలికల కోసం మెదడు వాడుకునే డోపమైన్‌ను అది అడ్డుకుంటుంది, నడకా మాటా రెండూ పడిపోతాయి. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ నోరు ఎండబెడుతుంది, గొంతు గరగరలాడుతుంది. దూలగొండి గింజల పొడిలోనూ లెవోడోపానే ఉంటుంది. డాక్టర్‌కు చెప్పకుండా రెండూ కలిపితే డోసు ఎంతయిందో ఎవరికీ తెలియదు.

గోలీ ఒక్కసారిగా ఆపొద్దు. విపరీతమైన జ్వరం, బిగుసుకుపోవడం ప్రాణం మీదికి తెస్తాయి. నీళ్లు తాగితే దగ్గొస్తున్నా, తిన్నాక గొంతులో నీళ్లున్నట్టు మాట వస్తున్నా మింగే పరీక్ష వెంటనే చేయించండి.