ఫ్యాన్స్ మూడ్ చూసి ఫాంటసీ పాయింట్లు చెప్తామంటే జాగ్రత్త: నాకు 2,998 రూపాయలు పోయాయి

2024 ఐపీఎల్ ప్లేఆఫ్స్‌కు వారం ముందు 1,499 రూపాయలు కట్టి ఒక ప్రొజెక్షన్ టూల్ తీసుకున్నాను. సోషల్ మీడియాలో ఏ ఆటగాడి గురించి జనం ఏమనుకుంటున్నారో ఏఐతో చదివి, దాన్నిబట్టి ఫాంటసీ క్రికెట్‌లో (నిజం ఆటగాళ్ళతో ఊహా జట్టు కట్టుకుని, మ్యాచ్‌లో వాళ్ళు ఆడినదాన్నిబట్టి పాయింట్లు లెక్కేసుకునే ఆట) ఎవరికి ఎన్ని పాయింట్లు వస్తాయో చెప్తుందట. పేరు రాయను. అలాంటివి ఇప్పుడు పది ఉన్నాయి, పేరు మార్చుకోవడం వాళ్ళకు పెద్ద పనేం కాదు.

మాది హైదరాబాద్. డబ్బు పెట్టి ఆడటం తెలంగాణలో 2017 నుంచే నిషేధం కాబట్టి, ఆఫీసులో పద్నాలుగు మందిమి ఎక్సెల్ షీట్‌లో మా లీగ్ మేమే నడుపుకుంటాం. పరుగుకు ఒకటి, వికెట్‌కు 25, డకౌట్‌కు మైనస్ రెండు, కెప్టెన్‌కు డబుల్. చివరి స్థానంలో ఉన్నవాడు అందరికీ బిర్యానీ పెట్టాలి. నేను అప్పటికి పదకొండో స్థానంలో ఉన్నాను, అందుకే ఈ తెలివి.

మే 21, అహ్మదాబాద్‌లో కోల్‌కతాతో మన సన్‌రైజర్స్ మొదటి క్వాలిఫయర్. టూల్‌లో మన ఓపెనర్ ట్రావిస్ హెడ్‌కు పదికి 9.1, ‘కెప్టెన్‌గా పెట్టండి’ అని ఆకుపచ్చ గుర్తు. కోల్‌కతా ఫాస్ట్ బౌలర్ మిచెల్ స్టార్క్‌కు 3.2, పక్కన ఎర్రగా ‘నెగెటివ్ బజ్’. పక్క సీటు తమ్ముడు "అన్నా, నీ మెషీన్ ఏమంటోంది?" అంటే గొప్పగా చూపించాను కూడా. మొదటి ఓవర్ రెండో బంతికే స్టార్క్ హెడ్‌ను బౌల్డ్ చేశాడు. కెప్టెన్ కదా, మైనస్ నాలుగు. స్టార్క్‌కు మూడు వికెట్లు, ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ కూడా అతనే.

క్రికెట్‌లో ఇవన్నీ మామూలే, ఒక్క మ్యాచ్ పోయిందని నేను పోస్టు రాయను. కానీ ఆ 3.2 ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచిస్తే కడుపు మండింది. స్టార్క్‌ను 24.75 కోట్లకు కొన్నారు. మొదటి రెండు మ్యాచ్‌ల్లో ఎనిమిది ఓవర్లు వేసి వంద పరుగులిచ్చాడు, ఒక్క వికెట్ లేదు. ఇక జనం తిట్టడం మొదలుపెట్టారు. ఆ తిట్లన్నీ ధర గురించి. మా ఎక్సెల్ షీట్‌లో ధరకు పాయింట్లు లేవు! మే 3న వాంఖడేలో ముంబై మీద నాలుగు వికెట్లు తీసినా టూల్‌కు ఆ పాత కోపమే కనిపించింది. కొత్త బంతి చేతికొచ్చే ఎడమచేతి బౌలర్ అన్న సంగతి దానికి పట్టలేదు.

ఇటు హెడ్‌దేమో రివర్స్. ‘ట్రావిషేక్’ (ట్రావిస్ హెడ్, అభిషేక్ శర్మల ఓపెనింగ్ జోడీకి ముద్దుపేరు) అని ఊరంతా ఊగిపోతున్న రోజులవి, నేనూ ఊగాను. అంతకుముందు ఉప్పల్‌లో పంజాబ్ మీద అతను మొదటి బంతికే ఔటైనా అభిమానం తగ్గలేదు, స్కోరూ తగ్గలేదు. చెన్నైలో ఫైనల్‌కు కూడా అదే ఆకుపచ్చ గుర్తు, అక్కడా మొదటి బంతికే డకౌట్. రెండో క్వాలిఫయర్‌లో ఇంపాక్ట్ ప్లేయర్‌గా (మ్యాచ్ మధ్యలో ఒకరి బదులు వచ్చే ఆటగాడిగా) దిగి మూడు వికెట్లతో మ్యాచ్ గెలిపించిన షాబాజ్ అహ్మద్ పేరైతే ఆ రోజు టూల్ లిస్టులోనే లేదు. అతని గురించి ట్వీట్ చేసేవాళ్ళెవరు?

తర్వాత ఇంకో సరదా తెలిసింది. ఏదైనా వాక్యం పేస్ట్ చేస్తే మూడ్ చెప్పే డబ్బా ఒకటి అందులో ఉంది. "అభిషేక్ చంపేశాడు రా అయ్యా" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే న్యూట్రల్ అంది. దాన్నే ఇంగ్లీషులోకి మార్చి కొడితే నెగెటివ్! ఇరగదీశాడు, చించేశాడు, కుమ్మేశాడు, దుమ్ము దులిపాడు... మన మెచ్చుకోళ్ళన్నీ వినడానికి కొట్లాటలాగే ఉంటాయి. మాటకు ఇన్ని మార్కులని పదాల పట్టీ పెట్టుకుని లెక్కేసే పాత పద్ధతి ఇక్కడ బోల్తా పడుతుంది. తెలుగు లిపి అయితే అసలు చదవదని సపోర్ట్ వాళ్ళే చెప్పారు. సన్‌రైజర్స్ మీద జనం మూడ్ తెలుగు లేకుండా ఎలా తెలుస్తుందో మరి.

అసలు మోసం ఇది. క్వాలిఫయర్ మర్నాడు ‘గత అంచనాలు’ పేజీ తెరిస్తే స్టార్క్‌కు 7.8 ఉంది. నా ఫోన్‌లో స్క్రీన్‌షాట్ ఉంది, మ్యాచ్‌కు ముందు 3.2. అడిగితే "మోడల్ రీక్యాలిబ్రేట్ అయింది సర్" అన్నారు. మ్యాచ్ అయ్యాక దిద్దిన అంకెలతోనే హోమ్ పేజీలో ‘82 శాతం కరెక్ట్’ అని వేసుకుంటున్నారన్నమాట. రిఫండ్ అడిగితే ఏడు రోజుల గడువు దాటిందన్నారు. 2025 మార్చిలో చెప్పకుండా ఇంకో 1,499 కట్ అయింది, యూపీఐ ఆటోపే ఆన్‌లో ఉండిపోయిందని నేను చూసుకోలేదు. అది నా తప్పే.

డబ్బు పెట్టి ఆడే ఆటలను 2025 ఆగస్టులో కేంద్రం చట్టంతో ఆపాక ఈ దుకాణాలు మూస్తారనుకున్నా. మూయలేదు. ఇప్పుడు స్నేహితుల లీగులకు, ఉచిత కాంటెస్టులకు అంటూ అవే యాడ్స్ మళ్ళీ వస్తున్నాయి.

ఈ విద్యలో అసలు సరుకు లేదని నేననను. గాయం వార్తలు, నెట్స్‌లో ఎవరు బౌలింగ్ చేయలేదు, ఓపెనర్ మారతాడా లాంటివి జిల్లా విలేకరి నుంచి కోచ్ ప్రెస్‌మీట్ దాకా చదివి ఏరి పెడితే పనికొస్తుంది. అభిమానుల కేకలు కొలిస్తే వచ్చేది పోయిన వారం స్కోర్‌కార్డే, కాస్త ఆలస్యంగా. ఎవరైనా అమ్మజూపితే, మ్యాచ్‌కు ముందు తేదీ, టైముతో సేవ్ చేసిన పాత అంచనాలు చూపించమనండి. లక్షల ట్వీట్లు లైవ్‌లో చదువుతాం అంటే ఏ దారిన తెస్తున్నారో అడగండి. బయటి ప్రోగ్రాములు ట్వీట్లు తీసుకునే ఉచిత దారిని (ఏపీఐ) ట్విట్టర్ 2023లో మూసేసి, నెలకు వంద డాలర్ల ప్లాన్‌లో పదివేల ట్వీట్లే ఇచ్చింది. 1,499కి లక్షలెలా వస్తాయి?

ఇప్పటికే కట్టినవాళ్ళు యూపీఐ యాప్‌లో ఆటోపే తెరిచి ఆ మాండేట్ (డబ్బు దానంతటదే కట్ అవడానికి మీరిచ్చిన అనుమతి) ఇవాళే రద్దు చేసుకోండి. నేను 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, స్క్రీన్‌షాట్లు రెండూ జత చేశాను. ఇంకా డబ్బు రాలేదు. బిర్యానీ బిల్లు మాత్రం ఆ మే నెలలోనే కట్టేశాను, పద్నాలుగు ప్లేట్లు.