గేటు పోయి అండర్‌పాస్ వచ్చిన ఆరేళ్లకు

మా దారిలో రైల్వే గేటు తీసేసి అండర్‌పాస్ కట్టి ఆరేళ్లయింది. వారానికి మూడుసార్లు నాన్నను డయాలసిస్‌కు తీసుకెళ్లేదీ తీసుకొచ్చేదీ దాని గుండానే.

ముందు నాకు నచ్చింది చెప్తాను. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు "గేటు పడి ఉంటుందేమో" అన్న టెన్షన్ పోయింది. ఆగిన నిమిషాల కంటే, ఎంతసేపు ఆగాలో తెలియకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టేది. ఒకరోజు రెండు నిమిషాల్లో దాటేవాళ్లం, ఇంకోరోజు ఇరవై ఐదు పట్టేది. డయాలసిస్‌కు దాదాపు నాలుగు గంటలు కావాలి. మనం ఆలస్యమైతే తర్వాత వచ్చే పేషెంట్‌ను ఆపరు, నాన్న టైములోనే కోత పడుతుంది. అందుకని ప్రతిసారీ అరగంట ముందే ఆయన్ని తయారుచేసి కూర్చోబెట్టేవాణ్ణి.

ఒక రైలు వెళ్లిపోయినా గేటు లేవకపోతే జనం గేట్‌మన్ మీద అరిచేవాళ్లు. అతని తప్పేమీ లేదు. గేటుకూ సిగ్నల్‌కూ ఇంటర్‌లాకింగ్ ఉన్నచోట గేటు వేసి తాళం పడితేనే రైలుకు సిగ్నల్ వస్తుంది. రెండో లైన్లో వచ్చే రైలుకు సిగ్నల్ ఇచ్చేశాక గేటు తీయడం అతని చేతిలో ఉండదు. వేగంగా వచ్చే రైలు బ్రేకు వేసినా ఆగడానికి కిలోమీటరుకు పైగా పట్టొచ్చు, అందుకే అంత ముందుగా వేస్తారు. ఇవన్నీ తెలిసినా, వెనక సీట్లో నాన్న ఉంటే నాకు ఓపిక ఉండేది కాదు. అండర్‌పాస్ తెరిచిన మొదటి ఏడాది కనబడిన వాళ్లందరి దగ్గరా దాన్ని పొగిడాను.

మూడో ఏడాది వానాకాలంలో ఒక సాయంత్రం డయాలసిస్ అయ్యేసరికి బయట కుండపోత. కరెంటు పోయి వీధంతా చీకటి. అండర్‌పాస్‌లోకి దిగుతుంటే కింద రోడ్డు నల్లగా నిగనిగలాడుతోంది. తడిసిన తారు అనుకున్నాను. సగం వాలు దిగాక హెడ్‌లైట్ వెలుగులో ఆ నలుపు అలలుగా కదిలింది. లోపల మధ్యలో ఒక కారు ఆగిపోయి ఉంది, నంబర్ ప్లేటు దాకా నీళ్లు. నేను బ్రేకు వేసేసరికి ముందు చక్రాలు నీళ్ల అంచున ఉన్నాయి. వెనక అప్పటికే ఆరేడు బండ్లు దిగిపోయాయి, తిప్పుకునే చోటు లేదు. అందరికంటే వెనకున్న బండాయన వానలో దిగి, పైనుంచి వచ్చేవాళ్లను ఆపి, ఒక్కొక్కరినీ రివర్స్‌లో ఎక్కించాడు. ఆయనెవరో ఇప్పటికీ తెలియదు. ముప్పావు గంట పట్టింది. ఆగిపోయిన కారులోని వాళ్లు గోడ పట్టుకుని మోకాటి లోతు నీళ్లలో అవతలికి నడిచారు. డయాలసిస్ అయ్యాక నాన్నకు బీపీ పడిపోతుంది, వెంటనే పడుకోవాలి. కళ్లు మూసుకునే ఆయన ఒక్క మాటన్నారు: "గేటే ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేవాళ్లం కదరా." ఆయనన్నది నిజమే. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

అండర్‌పాస్ అంటే రెండు వాలుల మధ్య గిన్నె లాంటిది. మాదాంట్లో నీళ్లు వాటంతటవి బయటికి పోయే దారి లేదు, అడుగునున్న సంపులోంచి మోటారు తోడాల్సిందే. ఆ మోటారుకేమో వీధి కరెంటే ఆధారం. గాలివానకు కరెంటు పోతే, సరిగ్గా అవసరమైనప్పుడే అది ఆగిపోతుంది. సుమారు 30 సెంటీమీటర్ల నీటికే చాలా కార్లు తేలడం మొదలవుతుందని నాకు ఆ తర్వాతే తెలిసింది.

ఇప్పుడు జనరేటర్ పెట్టారు. గోడ మీద లోతు తెలిసేలా గీతలు గీశారు. వీధుల నీళ్లు లోపలికి దిగకుండా వాలు మొదలయ్యే చోట రోడ్డును కాస్త ఎత్తు చేశారు. వాలు మీద రేకుల కప్పు వేయలేదు, వేస్తే బాగుండేది. రెండేళ్లుగా బండి ఆగిపోయేంత నీళ్లు చేరలేదు గానీ, నీళ్లు దిగే జాలీలకు ఆకులు, కవర్లు అడ్డుపడితే చీలమండ దాకా నిలుస్తున్నాయి. వాన పడుతుంటే నేను ఇప్పటికీ పైనే ఆగి, కిందకు ఒకసారి చూసుకుని దిగుతాను. టెన్షన్ పోయిందన్నాను గదా, అది వాన లేని రోజుల మాట.

నడిచేవాళ్ల సంగతి నేను చాలా ఆలస్యంగా గమనించాను. గేటు ఉన్నచోట ఇప్పుడు గోడ ఉంది. నడిచి దాటాలంటే 36 మెట్లు దిగాలి, మళ్లీ 36 ఎక్కాలి. నాన్న స్నేహితుడి ఇల్లు పట్టాలకు అవతల. ఇదివరకు సాయంత్రాలు గేటు దాటి మెల్లగా నడుచుకుంటూ వెళ్లేవారు, ఇప్పుడు నేను కారు తీస్తేనే వెళ్తున్నారు. బండ్లు దిగే వాలు పక్కనే ఒక మీటరున్నర బాట వదిలి ఉంటే సరిపోయేది.

ఓవర్ బ్రిడ్జి అయితే నీళ్ల బాధ ఉండదు. కానీ కరెంటు రైళ్ల లైను మీద అది పట్టాలకు ఆరు మీటర్ల పైనే ఉండాలి. దూలాల మందం కూడా కలిపి రోడ్డు ఎనిమిది మీటర్లు ఎక్కాలనుకుంటే, ముప్పై మీటర్లకు ఒక మీటరు చొప్పున ఒక్కో వైపు 240 మీటర్ల వాలు కావాలి. మా ఇరుకు వీధిలో అంత చోటు లేదు. అండర్‌పాస్‌కైతే కాంక్రీటు బాక్సును జాకీలతో పట్టాల కిందకు నెట్టి, పైన రైళ్లు నెమ్మదిగా నడుస్తుండగానే పని పూర్తిచేశారు. మీది పల్లపు ప్రాంతమై, చోటు కూడా ఉంటే వంతెనే అడగండి. నాకు కారుంది, టైముకు చేరాల్సిన అవసరం ఉంది కాబట్టి, మళ్లీ గేటు పెడతామంటే వద్దనే అంటాను. నాన్ననడిగితే మాత్రం మెట్ల సంగతే ముందు చెప్తారు.