పొగతోట ల్యాబు: సూదికి ఐదు స్టార్లు, రిపోర్టుకు రెండు

పన్నెండేళ్లుగా షుగరు ఉంది నాకు. ఈసారి గుండె సంగతి కూడా చూద్దామని డాక్టరు గారు కొలెస్ట్రాల్‌తో పాటు హెచ్‌ఎస్‌-సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చూపే రక్తపరీక్ష) రాశారు. కావలి నుంచి తొలి బస్సుకు పరగడుపున నెల్లూరు వచ్చి పొగతోటలో ఒక ల్యాబుకు వెళ్లాను.

రక్తం తీసిన అమ్మాయి పనిమంతురాలు. నా నరం ఒక పట్టాన దొరకదు. వేలితో రెండుసార్లు తడిమి ఒక్క పోటుతో ముగించింది. అంతకుముందే, "జలుబు చేసినట్టుంది బాబాయ్, సీఆర్‌పీ ఊరికే పెరుగుతుంది. తగ్గాక రండి" అని ఆ పరీక్ష డబ్బులు వాపసు ఇప్పించింది. మూడు వారాలాగి చేయిస్తే లీటరుకు 1.8 మిల్లీగ్రాములు వచ్చింది. ఒకటి లోపుంటే మంచిది, మూడు దాటితే ముప్పు ఎక్కువ, నాది మధ్యరకం.

చిక్కంతా రిపోర్టుతోనే. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 430, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 126 అని అచ్చువేశారు. ఆ 126 కొలిచింది కాదు, లెక్కగట్టింది: మొత్తం కొలెస్ట్రాల్ 248లోంచి హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు 86 తీసేశారు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ లెక్క చెల్లదు. ముప్పై ఏళ్లు పద్దులు రాసిన గుమాస్తాను, తీసివేత నా కంట పడకుండా పోదు. కౌంటరులో అడిగితే "కంప్యూటర్ వేసిందండీ" అన్నారు. నేరుగా కొలిపిస్తే 141. అదనపు రుసుము మళ్లీ నా జేబులోంచే!

కుర్చీలు మెత్తగా ఉన్నాయి. ఎదురుగా ఉన్న ఇడ్లీ బండి మాత్రం పరగడుపున వచ్చేవాళ్ల కోసమే పెట్టినట్టుంది. నెయ్యి వద్దన్నా కారప్పొడి మీద ఒక చెంచా పోస్తాడు.