ద్వితీయ ఆఘాత ఒత్తిడి: ఎస్‌టీఎస్‌ఎస్‌తో కొలవాలా, ప్రోక్వాల్‌తోనా?

ఇతరుల విషాదాలు వినీవినీ నర్సులకు, కౌన్సెలర్లకు, సామాజిక కార్యకర్తలకు కలిగే ఒత్తిడిని వేర్వేరు సంస్కృతుల్లో కొలవాలనుకునేవారికి ఈ సందిగ్ధం తప్పదు. ఎస్‌టీఎస్‌ఎస్ (సెకండరీ ట్రామాటిక్ స్ట్రెస్ స్కేల్), ప్రోక్వాల్ (ప్రొఫెషనల్ క్వాలిటీ ఆఫ్ లైఫ్ స్కేల్) రెండూ అందుకు వాడే ప్రశ్నావళులే.

నిడివి: ఎస్‌టీఎస్‌ఎస్‌లో 17 అంశాలు, ప్రోక్వాల్ ఐదో రూపంలో 30.
గడువు: మొదటిది గత 7 రోజుల గురించి అడుగుతుంది, రెండోది 30 రోజుల గురించి.
పరిధి: ఎస్‌టీఎస్‌ఎస్ ఆ ఒత్తిడి లక్షణాలను దాటి పోదు. ప్రోక్వాల్ బర్నౌట్‌ను (పని వల్ల కలిగే తీవ్ర అలసట, నిస్పృహ), సేవలోని తృప్తిని కూడా పట్టుకుంటుంది.
శ్రమ: ప్రోక్వాల్ ఉచితం, చాలా భాషల్లో సిద్ధంగా ఉంది.

అసలు చిక్కు సంస్కృతి దగ్గరే. తనను నిలబెట్టే విశ్వాసాలు ఉన్నాయా అని ప్రోక్వాల్ అడుగుతుంది. తక్కువ మార్కు వేస్తే దాన్ని బర్నౌట్ వైపు లెక్కిస్తుంది. భక్తి ఊపిరిలా సహజమైన సమాజంలో పూర్తిగా కుంగిపోయినవారు కూడా పై గడిలోనే టిక్కు పెడతారు. ఇక ఆ అంశం ఎవరిని వేరు చేస్తుంది? ఎస్‌టీఎస్‌ఎస్ అడిగే గుండెదడ, నిద్రలేమి ఎక్కడివారికైనా జవాబివ్వడానికి తేలిక. అయితే దాని 38 మార్కుల గీత అమెరికా సామాజిక కార్యకర్తల మీద చేసిన పరిశోధన నుంచి వచ్చింది. దాన్ని మరో దేశంలో యథాతథంగా గీసి, గీత దాటినవారందరికీ సమస్య ఉందనడం నా దృష్టిలో తొందరపాటు.

లక్షణాలు మాత్రమే కావాలి, వ్యవధి తక్కువ: ఎస్‌టీఎస్‌ఎస్.
సిబ్బంది సంక్షేమ కార్యక్రమం కోసం: ప్రోక్వాల్, విశ్వాసాల అంశాన్ని విడిగా పరిశీలించి.
రెండు దేశాల సగటులను పోల్చాలి: ఏది వాడినా, ప్రశ్నలు రెండు చోట్లా ఒకే విధంగా పనిచేస్తున్నాయని గణాంకపరంగా తేల్చాకే. అందుకు సరిపడా మంది దొరకకపోతే ముఖాముఖి సంభాషణలే మేలు.