హాంకాంగ్ హెచ్‌ఎస్‌బీసీ భవనం: ముందు దాని కిందికి నడవండి

హాంకాంగ్‌లోని సెంట్రల్ ప్రాంతంలో ఒకటో నంబరు క్వీన్స్ రోడ్డులో ఉన్న హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు హాంకాంగ్ ప్రధాన కార్యాలయాన్ని చూడబోయేవారు దూరం నుంచి తలెత్తి చూసి ఊరుకోకుండా, తిన్నగా దాని కిందికి నడవాలని నా మనవి. బ్రిటిష్ వాస్తుశిల్పి నార్మన్ ఫాస్టర్ రూపకల్పనలో 1985లో పూర్తయిన ఈ భవనం ఎత్తు సుమారు 180 మీటర్లు. దాని అసలు గొప్పతనం మాత్రం నేల మీదే ఉంది. నగరంలోకెల్లా ఖరీదైన స్థలాల్లో ఒకటైన అక్కడ గోడలూ తలుపులూ లేవు. ఒక వీధి నుంచి మరో వీధికి జనం భవనం కిందుగానే సాగిపోతారు. ఇందుకు బదులుగా పైన అదనపు నిర్మాణానికి అనుమతి లభించిన మాట నిజమే అయినా, బాటసారికి దక్కిన ఆ నీడ విలువ తగ్గదు.

సాధారణంగా ఎత్తైన భవనాలకు లిఫ్టులు, మెట్లు ఇమిడిన కాంక్రీటు కట్టడం నడిమధ్యన వెన్నెముకలా ఉంటుంది. ఇక్కడ అది లేదు. ఉక్కు స్తంభాల సమూహాలు ఎనిమిదింటిని రెండు వరుసలుగా నిలిపి, వాటికి ఐదు ఎత్తుల్లో భారీ ట్రస్సులు (త్రికోణాకారంలో కూర్చిన ఉక్కు చట్రాలు) బిగించి, దూలానికి ఉట్టి కట్టినట్టు అంతస్తులను వాటి నుంచి వేలాడదీశారు. నడుమ ఖాళీ మిగిలింది కాబట్టే కింద నిలబడినవారికి గాజు పైకప్పూ, దాన్ని చీల్చుకుని ఏటవాలుగా పైకి పోయే రెండు ఎస్కలేటర్లూ కనిపిస్తాయి. ఆ పైన పది అంతస్తుల ఎత్తున హాలు ఉంది. బయట అమర్చిన అద్దాలు సూర్యకాంతిని పట్టి అందులోకి మళ్లిస్తాయి. భవనాన్ని చల్లబరచడానికి సముద్రపు నీటిని వాడతారు.

బయటి రూపం నాకు అంతగా నచ్చలేదు. బూడిదరంగు అల్యూమినియం తొడుగుతో, రేవు అవతలి నుంచి చూస్తే పని ఆగిపోయిన యంత్రంలా ఉంటుంది.

భవనం ముందున్న రెండు కంచు సింహాల వద్ద మాత్రం తీరిగ్గా ఆగాలి. 1935 నాటి పాత భవనం కోసం షాంఘైలో పోతపోసిన వీటిని రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్‌కు తరలించగా, తర్వాత తిరిగి తెచ్చారు. నోరు తెరిచిన సింహం ఒంటిపై ఆనాటి తూటాల గుంటలు ఇప్పటికీ వేలికి తగులుతాయి. అదృష్టం కోసం జనం నిమిరి నిమిరి పంజాలు నునుపుదేరాయి.

వీలైతే ఆదివారం వెళ్లండి. ఇళ్లల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ మహిళలు వారపు సెలవు రోజున అట్టముక్కలు పరుచుకుని, తెచ్చుకున్న భోజనం పంచుకుంటూ, సాయంత్రం దాకా ఆ గాజు కప్పు కిందే కబుర్లాడుకుంటారు.