జీమ్యాట్ గ్రామర్ కోర్సు కొనేముందు ఆగండి, ఆ ప్రశ్నలు పరీక్షలోనే లేవు

ఉద్యోగం చేసుకుంటూ ఐఎస్‌బీకో, ఐఐఎంల ఏడాది మేనేజ్‌మెంట్ కోర్సులకో ప్రవేశం కోసం జీమ్యాట్ పరీక్ష రాద్దామనుకునేవాళ్ల కోసం ఈ పోస్టు. "గ్రామర్ మాస్టరీ", "సెంటెన్స్ కరెక్షన్ క్రాష్ కోర్సు" లాంటి పేర్లతో ఎవరైనా ఫీజు అడిగితే రూపాయి కూడా కట్టకండి. జీమ్యాట్‌లో సెంటెన్స్ కరెక్షన్ (వాక్యంలో తప్పు సరిదిద్దే గ్రామర్ ప్రశ్నలు) ఇప్పుడు లేదు. 2023 నవంబర్ 7న ఫోకస్ ఎడిషన్ అనే కొత్త రూపం మొదలైనప్పుడే దాన్ని ఎత్తేశారు. పాత పరీక్ష 2024 జనవరి 31తో ముగిసింది. ఇప్పుడు జీమ్యాట్ అంటే ఆ కొత్తదే, వేరేది లేదు.

ఈ సంగతి నాకు ముందే తెలుసు. అందుకే డబ్బు కట్టకముందే అడిగాను, ఇది కొత్త ప్యాటర్న్‌కేనా అని. పేరు రాయను గానీ హైదరాబాద్‌లోని ఒక కోచింగ్ సంస్థ అది, ఆన్‌లైన్‌లోనూ గట్టిగా ప్రకటనలు ఇస్తుంది. "మొత్తం అప్‌డేట్ చేశాం మేడమ్, లేటెస్ట్ ఫోకస్ ప్యాటర్న్" అని కౌన్సెలర్ వాట్సాప్‌లో రాసిచ్చాడు. ఆ మెసేజ్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. వెర్బల్ (పరీక్షలో ఇంగ్లిష్ భాగం) కోర్సు ఫీజు ముప్పై వేల పైచిలుకు. లాగిన్ ఇచ్చాక చూస్తే సగానికి పైగా వీడియోలు సెంటెన్స్ కరెక్షన్ మీదే. పారలలిజం, మాడిఫయర్లు, సబ్జెక్ట్-వెర్బ్ అగ్రిమెంట్, ఇడియమ్స్, వరసగా అవే. చివర్లో "బోనస్" అని వ్యాస రచన మీద ఒక భాగం. ఆ వ్యాసం కూడా ఫోకస్‌తోనే పోయింది.

మాక్ టెస్ట్ తెరిస్తే ఇంకా విచిత్రం. వెర్బల్‌కి 36 ప్రశ్నలు, 65 నిమిషాలు అని టైమర్ మొదలైంది. అది చచ్చిపోయిన పరీక్ష లెక్క. ఇప్పుడు వెర్బల్‌లో 23 ప్రశ్నలు, 45 నిమిషాలు. పైగా "ఒకసారి జవాబు ఇస్తే వెనక్కి వెళ్లలేరు" అని ఎర్రక్షరాల్లో సూచన. ఇప్పటి పరీక్షలో ప్రశ్నకి బుక్‌మార్క్ పెట్టుకుని, సెక్షన్ చివర సమయం మిగిలితే మూడు జవాబుల దాకా మార్చుకోవచ్చు. ఆ పాత సూచన నమ్మి ప్రాక్టీస్ చేసినవాళ్లు అసలు రోజున ఒక్కో ప్రశ్న దగ్గర అనవసరంగా సమయం పోగొట్టుకుంటారు. నా మటుకు గ్రామర్ వీడియోల కన్నా ఇదే పెద్ద నష్టం.

సరే, గ్రామర్ అయినా సరిగ్గా చెప్పారా అంటే అదీ లేదు. ఒక ప్రశ్న చూడండి: "నైదర్ ద మేనేజర్ నార్ ది ఎంప్లాయీస్ ___ ఇన్ఫార్మ్‌డ్ అబౌట్ ద మర్జర్." ఖాళీలో "వాజ్" రావాలని కీలో ఉంది. కారణం, "నైదర్ ఎప్పుడూ ఏకవచనమే" అట. నైదర్-నార్ జంటగా వచ్చినప్పుడు క్రియ దానికి దగ్గరున్న నామవాచకాన్ని బట్టి నడుస్తుంది. ఇక్కడ దగ్గరున్నది ఎంప్లాయీస్, బహువచనం, కాబట్టి "వర్" రావాలి. ఇంటర్ చదివే పిల్లలకి కూడా తెలిసే విషయం. డౌట్స్ గ్రూపులో పెడితే "ఎగ్జామ్‌లో ఇలాగే తీసుకుంటారు" అని ఒక్క ముక్క సమాధానం. ఏ ఎగ్జామ్‌లో స్వామీ?

ఫోన్ చేసి నిలదీస్తే కౌన్సెలర్ మాట మార్చాడు. "గ్రామర్ వస్తే ఆర్‌సీ (పాసేజ్ చదివి జవాబులిచ్చే రీడింగ్ కాంప్రహెన్షన్) దానంతట అదే వచ్చేస్తుంది మేడమ్, బేస్ కోసం పెట్టాం." ఇందులో పావు వంతు నిజం ఉంది. నాలుగు లైన్ల పొడుగు వాక్యంలో కర్త ఎక్కడ, క్రియ ఎక్కడ అని పట్టుకోవడం రీడింగ్ కాంప్రహెన్షన్‌లో ఉపయోగపడుతుంది. దానికి నెలల కోర్సు అక్కర్లేదు, రోజూ ఒక మంచి ఇంగ్లిష్ సంపాదకీయం చదివితే అదే అలవాటవుతుంది. ఇడియమ్ జాబితాలు బట్టీ పట్టడం, ఐదు ఆప్షన్లలో కామా ఎక్కడుందో వెతకడం, వీటికి ఇప్పుడు ఒక్క మార్కు కూడా రాదు. చెరువు ఎండిపోయాక గాలాలు అమ్మడం లాంటి వ్యాపారం.

నాకు అసలు కోపం వచ్చింది ఆ ప్రకటన చూసి. "తెలుగు మీడియంలో చదివారా? గ్రామర్ అంటే భయమా? మీ కోసమే!" మనవాళ్లలో ఇంగ్లిష్ వ్యాకరణం అంటే ఎంత జంకో వాళ్లకి బాగా తెలుసు. జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి, ఇంజనీరింగ్‌కి వచ్చాక ఇంగ్లిష్ నేర్చుకుని, ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఏడెనిమిదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ఆ ఒక్క మాటకి కార్డు తీసేస్తారు. నిజానికి పరీక్షలో వచ్చిన ఈ మార్పు వాళ్లకే కలిసొచ్చేది. పాత వెర్బల్‌లో దాదాపు మూడో వంతు సెంటెన్స్ కరెక్షన్ ఉండేది. అమెరికన్ ఇంగ్లిష్ చెవికి అలవాటైనవాళ్లు అక్కడ ముందుండేవాళ్లు. ఇప్పుడున్నది రీడింగ్ కాంప్రహెన్షన్, క్రిటికల్ రీజనింగ్, అంతే.

క్రిటికల్ రీజనింగ్ ఎలా ఉంటుందో తెలియనివాళ్లకి నేను అల్లిన చిన్న నమూనా. ఒక ఊళ్లో బస్సు చార్జీలు తగ్గించారు, ఆర్నెల్లలో ప్రయాణికులు పెరిగారు, కాబట్టి చార్జీలు తగ్గించడమే కారణం అని అధికారి అంటాడు. ఈ వాదనని బలహీనపరిచేది ఏది అని అడుగుతారు. అదే ఆర్నెల్లూ మరమ్మతుల కోసం మెట్రో ఆపేశారు అనే ఆప్షన్ దొరికితే అదే జవాబు. ఇది తెలుగులో ఆలోచించినా తేలిపోతుంది. టీ కొట్టు దగ్గర రాజకీయాలు వాదించే మనవాళ్లకి ఈ విద్య ఒకరు నేర్పాలా? సాధన కావాలి, నిజమే. ఆ సాధన గ్రామర్ వీడియోల్లో దొరకదు.

గ్రామర్ అడిగే పరీక్షలు వేరే ఉన్నాయి. మన రాష్ట్రాల ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో కమ్యూనికేషన్ ఎబిలిటీ కింద ఫంక్షనల్ గ్రామర్ ఉంది, మరో ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఎన్‌మ్యాట్‌లో లాంగ్వేజ్ స్కిల్స్ ఉంది. అవి రాసేవాళ్లు చదవాల్సిందే, కానీ ఆ స్థాయికి ఒక మామూలు గ్రామర్ పుస్తకం, పాత ప్రశ్నపత్రాలు చాలు.

పాత సరుకును గుర్తుపట్టడానికి అన్నింటికన్నా సులువైన గుర్తు స్కోరు. కొత్త జీమ్యాట్ 205 నుంచి 805 వరకు, ప్రతి స్కోరూ 5తోనే ముగుస్తుంది. "మా విద్యార్థికి 730" అని ఫొటో వేశారంటే అది పాత పరీక్ష. స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది కాబట్టి ఆ విద్యార్థి అబద్ధం కాకపోవచ్చు, కానీ మీరు రాయబోయేది అది కాదు. "700 ప్లస్ గ్యారంటీ" అన్నా అనుమానించండి, పాత 700కి ఇప్పుడు సుమారుగా సమానమైనది 645. అబిడ్స్ ఆదివారం సంతలో పాత గైడ్ కొనేవాళ్లు కూడా విషయసూచిక తిప్పి చూడండి. సెంటెన్స్ కరెక్షన్, జామెట్రీ అధ్యాయాలు కనిపిస్తే పక్కన పెట్టేయండి. జామెట్రీ కూడా పోయింది. ఏమీ కొనకముందు అధికారిక సైట్‌లో ఉచితంగా ఇచ్చే రెండు మాక్‌లలో ఒకటి రాయండి. పరీక్ష ఎలా ఉంటుందో అక్కడే తెలిసిపోతుంది.

ఇంకోటి, "నో కాస్ట్ ఈఎంఐ" అని లింక్ పంపి ఓటీపీ అడుగుతారు. చాలాసార్లు అది ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. క్లాసులు మానేసినా వాయిదాలు మీ ఖాతాలోంచి కట్ అవుతూనే ఉంటాయి. నేను కార్డుతో కట్టాను కాబట్టి ఆ గొడవ లేదు.

రిఫండ్ అడిగితే "టర్మ్స్‌లో నాన్ రిఫండబుల్ అని ఉంది" అన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెట్టాక సగం వెనక్కి ఇస్తామని మెయిల్ వచ్చింది. నేను ఒప్పుకోలేదు, మిగతా సగం కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను. ఐదు లక్షల లోపు విలువకి అక్కడ ఫీజు కూడా లేదు. కోచింగ్ సంస్థల తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబర్‌లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది, ఫిర్యాదులో వాటిని ప్రస్తావించండి.

ఇదే కోర్సు కొన్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఆ సంస్థతో గొడవ పెట్టుకునే ముందే ప్రకటన, సిలబస్ పేజీ, మాక్ టైమర్, కౌన్సెలర్ చాట్, అన్నీ తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. నేను ఫోన్ చేసిన మర్నాడే సిలబస్ పేజీలో సెంటెన్స్ కరెక్షన్ అన్న చోట "వెర్బల్ ఫౌండేషన్" అని మార్చేశారు. వీడియోలు మాత్రం అవే.