బడి వంటకు పంచాయతీ సర్దుబాటు సొమ్ము: దేవరకొండ వైపు ఒక గ్రామంలోని ఏర్పాటుపై సమీక్ష

నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు ఉన్న ఒక గ్రామంలో, ప్రాథమిక పాఠశాల మధ్యాహ్న భోజనం కోసం గ్రామ పంచాయతీ చేసిన ఏర్పాటును నేను కొంతకాలంగా దగ్గరి నుంచి గమనిస్తున్నాను. ప్రభుత్వ బిల్లులు ఆలస్యమైనప్పుడు వంట చేసే సంఘం మహిళలు కిరాణం దుకాణంలో ఉద్దెర పెట్టకుండా, దాతల నుంచి సేకరించిన సొమ్మును వారికి ముందుగా సర్ది, బిల్లు రాగానే తిరిగి జమ చేయించుకోవడమే ఆ ఏర్పాటు. ఇలాంటిది తమ ఊరిలోనూ పెట్టుకోవాలనుకునేవారికి ఉపయోగపడుతుందని ఇందులోని మంచిని, లోటును రాస్తున్నాను.

అమెరికాలో చాలా పాఠశాలల్లో భోజనానికి డబ్బు కట్టలేని పిల్లల ఖాతాలో బాకీ పేరుకుపోతుంది. కొన్ని చోట్ల స్థానిక సంస్థలు, దాతలు ఆ బాకీ తీరుస్తుంటారు. మన పిల్లలకు ఆ అవస్థ లేదు. వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది, 2013 నాటి ఆహార భద్రత చట్టం దానిని హక్కుగా చేసింది. కానీ బిల్లులు నెలల తరబడి నిలిచిపోయినప్పుడు ఆ బాకీ వంట మనుషుల నెత్తిన పడుతోంది. నా దృష్టిలో ఇది అంతకన్నా అన్యాయం, ఎందుకంటే ఆ అప్పు ఏ ప్రభుత్వ లెక్కలోనూ కనిపించదు. షావుకారు ఖాతా పుస్తకంలో మాత్రమే ఉంటుంది.

ఆ అప్పు ఎంతవుతుందో లెక్క వేసి చూడవచ్చు. బియ్యం ప్రభుత్వమే ఇస్తుంది. పప్పు, కూరగాయలు, నూనె, మసాలా, వంటచెరకు అన్నీ కలిపి, 2025 మే నుంచి అమలులో ఉన్న రేటు ప్రకారం, ప్రాథమిక తరగతుల్లో ఒక్కో విద్యార్థికి రోజుకు 6 రూపాయల 78 పైసలు. అరవై మంది పిల్లలున్న బడిలో రోజుకు 1.2 కిలోల పప్పు, 3 కిలోల కూరగాయలు, 300 గ్రాముల నూనె వాడాలి. దానికి వచ్చేది 406 రూపాయల 80 పైసలు. మూడు నెలల బిల్లు ఆగిందంటే, 65 పనిదినాలు అనుకున్నా, 26 వేల రూపాయలు దాటుతుంది. గుడ్ల ఖర్చు దీనికి అదనం. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనంతో పనిచేసే మహిళ, అది కూడా సమయానికి అందనప్పుడు, ఇంత సొమ్ము మిత్తికి తెచ్చి ఊరి పిల్లలకు అన్నం పెడుతోందంటే, ఆమె ప్రభుత్వానికే అప్పు ఇస్తున్నట్టు లెక్క.

ఈ ఏర్పాటు వచ్చాక తేడా పళ్లెంలోనే కనిపించింది. ఉద్దెర మీద తెచ్చేటప్పుడు షావుకారు ఇచ్చిందే సరుకు. చేతిలో నగదు ఉన్నప్పుడు పప్పు ఏరి తెచ్చుకోవచ్చు. నేను తిన్న రోజుల్లో ఆకుకూర పప్పు చిక్కగా ఉంది, అన్నం మెత్తబడలేదు, సాంబారులో ముక్కలు కనిపించాయి. వారానికి మూడు గుడ్లు పెట్టవలసి ఉండగా, శీతకాలంలో అంగడి ధర పెరిగి ప్రభుత్వమిచ్చే ధర చాలక గుడ్డు తప్పించడం చాలా చోట్ల జరిగేదే. ఇక్కడ ఆ లోటును పంచాయతీ భరించింది. ఫ్లోరైడ్ బాధ తెలిసిన ప్రాంతం కాబట్టి మరొక్క విషయం చెప్పాలి: వంటకు బోరు నీరు వాడకుండా వంటగదికి మిషన్ భగీరథ మంచినీటి నల్లా కనెక్షన్ ఇప్పించారు, దీనికి పంచాయతీని ఎంత మెచ్చుకున్నా తక్కువే. వంట చేసే ఒకామె, "షావుకారు ముంగట తలకాయ దించుకునుడు తప్పింది సారూ" అన్నది.

లోట్లు కూడా ఉన్నాయి. ఎవరు ఎంత ఇచ్చారు, ఎంత సర్దారు, ఎంత తిరిగి వచ్చింది అనే వివరం సర్పంచ్ వద్ద నోటుబుక్కులో ఉంది తప్ప బడి గోడ మీద లేదు. 2024 ఫిబ్రవరి నుంచి సుదీర్ఘంగా ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్న ఊళ్లలో ఇలాంటి విషయాలు ఎవరిని అడగాలో కూడా తెలియని పరిస్థితి ఉండేది. ఎన్నికైన పాలకవర్గం వచ్చాక అడిగే చోటు దొరికింది కాబట్టి లెక్క కూడా అందరి కళ్ల ముందు ఉండాలి. ఏర్పాటు మొత్తం ఒక్కరి చొరవ మీద ఆధారపడి ఉండడం నాకు భయం కలిగిస్తోంది. గ్రామసభ తీర్మానం చేయించి ఉంటే రేపు సర్పంచ్ మారినా ఇది నిలుస్తుంది.

ఉదయం ఆకలి సంగతి ఇంకా మిగిలే ఉంది. తండాల నుంచి వచ్చే పిల్లల్లో, తల్లిదండ్రులు తెల్లవారకముందే కూలికి వెళ్లే ఇళ్లవారు చాలామంది మధ్యాహ్నం దాకా ఏమీ తినరు. 2023 అక్టోబరులో రాష్ట్రంలో మొదలైన అల్పాహార పథకం అందుకోసం వచ్చిందే గాని కొనసాగలేదు. పంచాయతీ వారంలో కొన్ని రోజులైనా అటుకులో, ఉప్మానో ఏర్పాటు చేయగలదా అని ఆలోచించాలని కోరుతున్నాను.

ఇదే పద్ధతిని పెట్టుకోదలచిన ఊర్లు మొదట ప్రధానోపాధ్యాయులతో మాట్లాడాలి. నిధులు తాత్కాలికంగా అందనప్పుడు బడిలో ఉన్న ఇతర నిధులను భోజనానికి వాడి, తరువాత వాటిని తిరిగి జమ చేసుకునే అధికారం 2015 నాటి మధ్యాహ్న భోజన నియమాలు వారికే ఇచ్చాయి. ఈ సంగతి తెలిసినా ఆడిట్‌కు జంకి చాలామంది వాడరు. అది చాలనప్పుడే దాతల సొమ్ము ముట్టుకోవాలి. ఆ సొమ్మును బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ అధ్యక్షురాలు, ప్రధానోపాధ్యాయుల ఉమ్మడి సంతకాలతో బ్యాంకు ఖాతాలో ఉంచి, కనీసం ఒక నెల సరుకులకు సరిపడా నిల్వ చేశాకే సర్దుబాటు మొదలుపెట్టాలి.